బీకన్ వినపడట్లేదా? ముందు మన మేడ మీదే వెతకాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు హ్యామ్ రేడియోలోకి (సరదాగా నడుపుకునే వైర్‌లెస్ రేడియో) కొత్తగా వచ్చిన మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "144 మెగాహెర్ట్జ్‌లో బీకన్లు ఉంటాయంటారు, నాకేమీ రావట్లేదేంటి?" ఎత్తైన చోట ఉండి, రాత్రీ పగలూ తన కాల్‌సైన్‌నీ (స్టేషన్ పేరు) గ్రిడ్ లొకేటర్‌నీ (తానున్న చోటు చెప్పే కోడ్) మోర్స్‌లో పంపుతూ ఉండే చిన్న ట్రాన్స్‌మిటరే బీకన్. అది వినపడకపోతే అందరూ ముందు వాతావరణాన్ని అంటారు. నేను చూసినంతవరకు లోపం చాలాసార్లు మన ఇంట్లోనే ఉంటుంది.

హోరు తప్ప టోన్ లేదు

చేతిలో ఉన్నది బావోఫెంగ్ లాంటి హ్యాండ్‌సెట్ అయితే కారణం అదే. అది ఎఫ్ఎం సెట్, మోర్స్ సిగ్నల్ వచ్చినా టోన్ ఇవ్వదు. హోరు కాస్త తగ్గుతుంది, అంతే. ఎస్ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్) మోడ్ ఉన్న రిసీవర్ గానీ, కంప్యూటర్‌కి తగిలించి రేడియోలా వాడే ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డాంగిల్ గానీ కావాలి. యూఎస్‌బీ మోడ్‌లో (కంప్యూటర్ పోర్టు కాదు, అప్పర్ సైడ్‌బ్యాండ్) పెట్టి, బీకన్ ఫ్రీక్వెన్సీకి 0.8 కిలోహెర్ట్జ్ కింద ట్యూన్ చేస్తే 800 హెర్ట్జ్ టోన్ వస్తుంది.

ఫ్రీక్వెన్సీ సరిగ్గానే పెట్టాను, అయినా లేదు

డాంగిల్ క్రిస్టల్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 వంతులు) తప్పితే 144 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 3 కిలోహెర్ట్జ్ పక్కకు పోతుంది. 20 నిమిషాలు వేడెక్కనిచ్చి, అటూ ఇటూ 5 కిలోహెర్ట్జ్ వాటర్‌ఫాల్‌లో (స్క్రీన్ మీద సిగ్నళ్లను గీతలుగా చూపే బొమ్మ) చూడండి. చెవికి అందని సిగ్నల్ కూడా అక్కడ సన్నటి గీతలా కనబడుతుంది. లిస్టులో ఉన్న బీకన్ అసలు నడుస్తోందో లేదో కూడా కనుక్కోండి, ఆగిపోయినవి కూడా లిస్టుల్లో అలాగే ఉండిపోతుంటాయి.

గీత కనబడింది కదా అని సంబరపడొద్దు. యాంటెన్నా పీకేయండి. అప్పటికీ గీత ఉంటే అది రిసీవర్ లోపల పుట్టిందే.

హోరు మరీ ఎక్కువగా ఉంది

దీనికే నాకు ఎక్కువ రోజులు పట్టింది. సాయంత్రం ఆరున్నర కాగానే వాటర్‌ఫాల్ అంతా పచ్చగా అయిపోయేది. ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే నడుపుతూ ఇంటి మెయిన్ దించేసినా తగ్గలేదు. చివరికి డైపోల్‌ని (రెండు కడ్డీల యాంటెన్నా) చేత్తో పట్టుకుని మేడ చుట్టూ తిరిగాను. పక్కింటి వరండా వైపు వెళ్లేకొద్దీ హోరు పెరిగింది. అక్కడ వెలుగుతున్నది ఒక్క ఎల్ఈడీ బల్బు. కొత్త బల్బు కొనిచ్చి, "పిన్నీ, ఇది మారుస్తాను" అని మార్చేశాను. ఆ రాత్రి హోరు సగానికి పైగా దిగింది.

మీరూ ఇదే వరసలో వెళ్లండి: ముందు చార్జర్, తర్వాత ఇంటి మెయిన్, తర్వాత ఇన్వర్టర్, సోలార్ కంట్రోలర్, ఆఖరున ఇరుగుపొరుగు.

హోరు లేదు, సిగ్నలూ లేదు

రెండు చోట్ల చూడాలి. మొదటిది యాంటెన్నా వాలు. బీకన్ యాంటెన్నా అడ్డంగా ఉండి మీది నిలువుగా ఉంటే 20 డీబీ దాకా పోవచ్చు, అంటే సిగ్నల్ వందో వంతుకు పడిపోవచ్చు. చెరో వైపు 49 సెంటీమీటర్ల అల్యూమినియం కడ్డీతో డైపోల్ చేసి అడ్డంగా కట్టండి. డైపోల్ కొనల వైపు నుంచి సరిగా వినపడదు. పర్లాకిమిడి నుంచి చెన్నై వైపు వినాలంటే కడ్డీలు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఉండాలి. ఈశాన్యం వైపు మాత్రం ఆశ తగ్గించుకోండి, అక్కడ 1501 మీటర్ల మహేంద్రగిరి అడ్డం.

రెండోది కేబుల్. ఆర్‌జీ-58 కేబుల్ 20 మీటర్లకు దాదాపు 4 డీబీ తినేస్తుంది. డిష్ టీవీకి వాడే ఆర్‌జీ-6 వాడితే అందులో సగం కూడా పోదు. రిసీవర్‌కి 50 ఓమ్‌ల కేబుల్ కావాలి, అది 75 ఓమ్‌లు అని టెన్షన్ పడక్కర్లేదు, వినడానికి ఆ తేడా లెక్కలోకి రాదు. కనెక్టర్ దగ్గర వానాకాలం తర్వాత ఒకసారి కోసి చూడండి. నాది కోస్తే రాగి అల్లిక నల్లగా, వేలితో రుద్దితే పొడిలా రాలింది. పాడైన రెండు అడుగుల ముక్క కత్తిరించి, కొత్త కనెక్టర్ వేసి, సెల్ఫ్ బాండింగ్ టేపు చుట్టాను.

ఒకరోజు వచ్చింది, మళ్లీ రాలేదు

ఇది లోపం కాదు. పది మీటర్ల ఎత్తు యాంటెన్నాకు రేడియో హొరైజన్ 13 కిలోమీటర్లే. అంతకంటే బాగా దూరం నుంచి బలంగా వచ్చిందంటే, ఎక్కువసార్లు చల్లటి గాలి పైన వేడి గాలి పరుచుకుని సిగ్నల్‌ని గొట్టంలోంచి పంపినట్టు మోసుకొచ్చిందన్నమాట. దీన్నే ట్రోపో డక్టింగ్ అంటారు. 1957లో కాలిఫోర్నియా, హవాయి హ్యామ్‌లు ఇదే 144 మెగాహెర్ట్జ్‌లో దాదాపు 4,000 కిలోమీటర్ల సముద్రం మీదుగా మాట్లాడుకున్నది దీనివల్లే.

మనకు బంగాళాఖాతం ఉంది. తెల్లవారుజామున గాలి కదలకుండా ఉన్న రోజు ముందు ఎఫ్ఎం రేడియో పెట్టండి. 101.4లో చెన్నై రెయిన్‌బో తమిళం వినపడితే దాదాపు 750 కిలోమీటర్ల దారి తెరుచుకున్నట్టే, వెంటనే 144కి వెళ్లండి. మహారాష్ట్రలోని సిరొంచ వైపు ఉన్నవాళ్లకు సముద్రం లేదు గానీ, చలికాలం గోదావరి మీద పొగమంచు పట్టిన ఉదయాలు వదులుకోవద్దు. అర సెకను పాటు టింగ్‌మని వచ్చి పోతే అది చాలావరకు ఉల్కల బాట మీద తగిలి వచ్చింది. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలప్పుడు అవి ఎక్కువ.

వినపడగానే రికార్డు చేయండి. లొకేటర్ ఎన్‌కే03 అని వస్తే అది చెన్నై చుట్టుపక్కలది, పర్లాకిమిడి ఎన్‌కే28. మన టైములోంచి ఐదున్నర గంటలు తీసేసి యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే టైము) రాసి, బీకన్ నడిపేవాళ్లకు రిపోర్టు పంపండి. తమ సిగ్నల్ ఎంత దూరం వెళ్లిందో వాళ్లకు తెలిసేది అలాగే.