అమెరికాలో వేటకు విమానంలో వెళ్తున్నారా? చెక్-ఇన్ సామానులో రైఫిల్ తీసుకెళ్లే పద్ధతి

అమెరికా లోపలి విమానాల్లో వేట తుపాకీ తీసుకెళ్లడం చట్టబద్ధమే. తుపాకీలో తూటా ఉండకూడదు, గట్టి పెట్టెలో పెట్టి తాళం వేయాలి, చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి, ఎక్కే ప్రతిసారీ ఎయిర్‌లైన్ కౌంటర్‌లో చెప్పాలి. అసలు నిబంధనలు ఈ నాలుగే. అయినా 2024లో టీఎస్ఏ (విమానాశ్రయ భద్రత చూసే ఫెడరల్ సంస్థ) సిబ్బంది సెక్యూరిటీ తనిఖీల్లో పట్టుకున్న తుపాకులు 6,678. వాటిలో దాదాపు 94 శాతం లోడ్ చేసి ఉన్నవే. ఎక్కువ మంది చెప్పే కారణం ఒక్కటే, బ్యాగులో ఉందని మరిచిపోయాం అని. జరిమానా వేల డాలర్లలో ఉంటుంది, కేసు స్థానిక పోలీసుల చేతికి వెళ్తుంది, టీఎస్ఏ ప్రీచెక్ (తనిఖీ త్వరగా ముగిసే సౌకర్యం) ఉంటే కనీసం 5 ఏళ్లు పోతుంది.

డాలస్, హ్యూస్టన్ లాంటి చోట్ల వేట నేర్చుకుంటున్న తెలుగువాళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. పౌరసత్వం ఉన్నవాడు జరిమానా కట్టి బయటపడే పొరపాటు మనకు ఇమిగ్రేషన్ సమస్య అవుతుంది. అందుకే పెట్టె, తాళాల కంటే ముందు కాగితాల సంగతి చూడాలి.

వీసా మీద ఉన్నవాళ్లు ముందుగా చూసుకోవాల్సింది

హెచ్-1బీ, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. దీనికి ఉన్న మినహాయింపుల్లో మనకు పనికొచ్చేది వేట లైసెన్సు. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని హంటింగ్ లైసెన్సు మీ దగ్గర ఉండాలి. తుపాకీ సొంతదా, స్నేహితుడిదా, అద్దెదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, చేతిలో ఉంటే చాలు. నేరం రుజువైతే 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు.

గడువు తేదీ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. టెక్సస్ వేట లైసెన్సు ఏడాది సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31తో ముగుస్తుంది. మార్చిలో కొన్న లైసెన్సయినా ఆగస్టు 31 దాకానే. సెప్టెంబర్ మొదటి వారంలో పాత లైసెన్సుతో రైఫిల్ పట్టుకుని విమానాశ్రయానికి వెళ్తే మీకు మినహాయింపు లేనట్టే. ఇంట్లో అల్మరాలో ఉన్న తుపాకీకీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి వేటకు వెళ్లని ఏడాది కూడా రెన్యూ చేయించుకోండి. ఫోన్‌లో కాపీ ఉన్నా, ముద్రించిన కాగితం ఒకటి పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోండి.

గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. కానీ తుపాకీ నేరం కింద శిక్ష పడితే గ్రీన్‌కార్డు ఉన్నవారిని సైతం దేశం నుంచి పంపించే వీలు ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. ఎక్కడైనా పోలీసులు కేసు పెడితే, చిన్నదే కదా అని వెంటనే ఒప్పుకుని సంతకం చేయకండి. క్రిమినల్ లాయర్‌తో పాటు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడాకే ఏదైనా ఒప్పుకోవాలి.

ప్రయాణ మార్గం

టికెట్ కొనేటప్పుడే నేరుగా వెళ్లే విమానం చూడండి. రెండు విమానాలు తప్పకపోతే రెండూ ఒకే టికెట్ మీద, ఒకే ఎయిర్‌లైన్‌లో ఉండాలి. వేర్వేరు టికెట్లయితే మధ్యలో సామాను తీసుకుని మళ్లీ కౌంటర్‌లో చెప్పాలి. ఆ మధ్య ఊరి చట్టం అప్పుడు మీకు వర్తిస్తుంది.

న్యూయార్క్, న్యూజెర్సీ విమానాశ్రయాల మీదుగా మాత్రం వెళ్లకండి. ఒక రాష్ట్రంలో చట్టబద్ధంగా ఉన్న తుపాకీని ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లేవారికి 1986 నాటి ఫెడరల్ చట్టం రక్షణ ఇస్తుంది. బయల్దేరే చోటా, చేరే చోటా తుపాకీ చట్టబద్ధం కావాలి, దారిలో అది చేతికి అందేలా ఉండకూడదు. 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒక ప్రయాణికుడికి న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో కనెక్షన్ తప్పింది. సామాను తీసుకుని రాత్రి హోటల్లో ఉండి, మర్నాడు కౌంటర్‌లో నిజాయితీగా తుపాకీ ఉందని చెప్పాడు. అక్కడే అరెస్టు చేశారు. హోటల్లో ఆ రాత్రి తుపాకీ అతని చేతికి అందుబాటులో ఉంది కాబట్టి ఫెడరల్ రక్షణ వర్తించదని 2010లో అప్పీల్ కోర్టు తేల్చింది.

వాతావరణం బాగోలేక విమానాన్ని అలాంటి చోటికి మళ్లిస్తే గన్ కేసు (తుపాకీ పెట్టె) చేతికి తీసుకోకండి. మర్నాటి విమానం దాకా దాన్ని తమ దగ్గరే ఉంచమని ఎయిర్‌లైన్‌ను అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే విమానాశ్రయ పోలీసులకు విషయం చెప్పి భద్రపరచమని కోరండి. గన్ కేసు పట్టుకుని హోటల్‌కు మాత్రం వెళ్లవద్దు. రోజులో చివరి విమానం ఎక్కవద్దు, అదీ ఇందుకే.

పెట్టె, తాళాలు

తుపాకీ కొన్నప్పుడు వచ్చిన పలచని ప్లాస్టిక్ పెట్టె చాలకపోవచ్చు. మూత అంచును పట్టుకుని పైకి లాగితే వేళ్లు దూరేంత సందు వస్తే ఆ పెట్టె పనికిరాదు. కొనేముందు దుకాణంలోనే తాళాలు బిగించి, నాలుగు మూలలా లాగి చూడండి. తాళాలకు ఎన్ని రంధ్రాలు ఉంటే అన్నిటికీ తాళం వేయాలి. ఒక మూల వదిలేస్తే అక్కడే సందు వస్తుంది, కౌంటర్‌లో ఆపేస్తారు.

పెలికన్ 1750 లాంటి పెట్టె లోపల 50 అంగుళాల పైగా పొడవు ఉంటుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించిన మామూలు బోల్ట్ రైఫిల్ హాయిగా పడుతుంది. కానీ ఖాళీ పెట్టే పాతిక పౌండ్లకు అటూ ఇటూ తూగుతుంది. రైఫిల్, స్కోప్ కలిపి తొమ్మిది, పది పౌండ్లు. 50 పౌండ్ల పరిమితిలో మిగిలేది 15 దాకా. అందులోనే బూట్లు, కోట్లు కుక్కితే అధిక బరువు రుసుము పడుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 62 అంగుళాల హద్దు కూడా దాటుతుంది. కొన్ని ఎయిర్‌లైన్లు గన్ కేసుకు ఈ కొలత పట్టించుకోవు, కొన్ని పట్టించుకుంటాయి. టికెట్ కొనే ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో ఫైర్‌ఆర్మ్స్ పేజీ చదివి, ప్రింట్ తీసి పెట్టుకోండి. కౌంటర్‌లో వాదన వస్తే ఆ కాగితం పనికొస్తుంది. మధ్యకు విరిచే షాట్‌గన్ అయితే గొట్టం, కర్ర విడదీసి చిన్న పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను మామూలు సూట్‌కేసులో పెట్టడానికి చాలా ఎయిర్‌లైన్లు ఒప్పుకుంటాయి.

టీఎస్ఏ వాళ్ల దగ్గర మాస్టర్ తాళంచెవి ఉండే రకం తాళాలను గన్ కేసుకు వాడొచ్చని వాళ్లే చెబుతారు. అయినా ఇత్తడి, ఉక్కు తాళాలే మేలు. తాళంచెవి గానీ నంబరు గానీ ప్రయాణికుడి దగ్గరే ఉండాలన్నది నిబంధన. మాస్టర్ చెవి ఎన్ని చేతుల్లో తిరుగుతుందో ఎవరికీ తెలియదు.

ముందు రోజు రాత్రి సర్దడం

బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) బయటికి తీయండి. తూటా కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూడండి, చీకటిగా ఉంటే చిటికెన వేలు పెట్టి తడమండి. తూటాలు నింపే మ్యాగజైన్ తీసి ఖాళీ చేయండి. తూటాలున్న మ్యాగజైన్‌ను తాళం వేసిన పెట్టెలో పెట్టొచ్చని టీఎస్ఏ అంటుంది, కానీ కొన్ని ఎయిర్‌లైన్లు ఒప్పుకోవు. ఖాళీ మ్యాగజైన్‌తో ఎవరికీ అభ్యంతరం ఉండదు. బోల్ట్, మ్యాగజైన్, ఫైరింగ్ పిన్ ఏదీ చేతి సామానులోకి రాకూడదు. స్కోప్‌ను చేతి సామానులో పెట్టొచ్చు గానీ, బిగించినదాన్ని విప్పితే గురి పోతుంది, అలాగే ఉంచండి. స్కోప్ మరలపై పెయింట్ పెన్నుతో చిన్న గీత గీయండి. దించాక గీత జరిగి ఉంటే మర వదులైందని ఇట్టే తెలుస్తుంది.

తూటాల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. అవి కంపెనీ అట్టపెట్టెలోగానీ, తూటాల కోసమే చేసిన ప్లాస్టిక్, చెక్క, లోహపు డబ్బాలోగానీ ఉండాలి. జిప్ కవర్‌లో పోసిన విడి తూటాలు తీసుకోరు. ఎక్కువ ఎయిర్‌లైన్ల హద్దు మనిషికి 11 పౌండ్లు, అంటే 5 కిలోలు, డబ్బా బరువుతో కలిపి. .30-06 రకం రైఫిల్ తూటాలు 20 ఉన్న పెట్టె పౌండుంపావు పైచిలుకు ఉంటుంది, కాబట్టి ఏడెనిమిది పెట్టెలు పడతాయి, జింక వేటకు రెండే ఎక్కువ. షాట్‌గన్‌తో పక్షుల వేటకు వెళ్లేవాళ్లే ఇరుక్కుంటారు. 12 గేజ్ షాట్‌గన్ తూటాలు 25 ఉన్న పెట్టె రెండున్నర పౌండ్ల పైమాటే, నాలుగు పెట్టెలతో హద్దు నిండుతుంది. పది పెట్టెల కేసు పట్టదు, వెళ్లిన ఊళ్లో కొనుక్కోండి. భార్యాభర్తలిద్దరి వాటా ఒకే డబ్బాలో కలపకూడదు.

తుపాకీ మందు (బ్లాక్ పౌడర్), దాన్ని అంటించే ప్రైమర్లు, పెర్కషన్ క్యాపులు ఏ సామానులోనూ తీసుకెళ్లకూడదు. ఎలుగుబంట్లను తరిమే బేర్ స్ప్రే కూడా అంతే, మోంటానా లాంటి చోట దిగాక కొనాల్సిందే. మంటంటుకునే గన్ క్లీనింగ్ ద్రవాలు ఇంట్లోనే వదిలేయండి. రేంజ్‌ఫైండర్, థర్మల్ స్కోప్‌ల విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంకు మాత్రం ఇందుకు తలకిందులు, అవి చేతి సామానులోనే ఉండాలి.

రైఫిల్ సీరియల్ నంబరు, సర్దిన పెట్టె, తాళాలు ఫొటో తీసి పెట్టుకోండి.

కౌంటర్ దగ్గర

రెండున్నర గంటలు ముందే చేరండి. కెర్బ్‌సైడ్ చెక్-ఇన్, కియోస్క్, సామాను దింపే బెల్టు మీకు పనికిరావు, మనిషి ఉన్న కౌంటర్‌కే వెళ్లాలి. వరుసలో ఉన్నప్పుడు తుపాకీ మాట ఎత్తకండి. మీ వంతు రాగానే మామూలు గొంతుతో, ‘ఐ నీడ్ టు డిక్లేర్ యాన్ అన్‌లోడెడ్ ఫైర్‌ఆర్మ్ ఇన్ మై చెక్డ్ బ్యాగేజ్’ అనండి. ‘ఐ హావ్ ఎ గన్’ అని మొదలుపెట్టకండి.

వాళ్లు ఒక డిక్లరేషన్ కార్డు ఇస్తారు. తుపాకీలో తూటా లేదని దాని మీద సంతకం చేయాలి. పెట్టె తెరవమంటే తెరవండి, కానీ వాళ్లు చెప్పేదాకా తుపాకీని ముట్టుకోకండి. బోల్ట్ విడిగా ఉంటే ఒక్క చూపులో అర్థమవుతుంది, అందుకే ముందే తీయమన్నది. కార్డు సాధారణంగా పెట్టె లోపలే ఉంచుతారు. తుపాకీ ఉందని తెలిసేలా బయట ఏ ట్యాగూ ఎయిర్‌లైన్ వేయకూడదని ఫెడరల్ చట్టమే చెబుతుంది. ఎవరైనా బయట కడితే మర్యాదగా అభ్యంతరం చెప్పండి. దొంగకు చిరునామా ఇచ్చినట్టవుతుంది.

ఆ తర్వాత పెట్టె టీఎస్ఏ తనిఖీకి వెళ్తుంది. కొన్ని విమానాశ్రయాల్లో మీరే దాన్ని ఆ గది దాకా తీసుకెళ్లాలి, కొన్నిచోట్ల ఎయిర్‌లైన్ మనిషి తీసుకెళ్తాడు. ఎలాగైనా కనీసం పావుగంట, అయిందని చెప్పేదాకా, అక్కడే నిలబడండి. వాళ్లకు పెట్టె తెరవాల్సి వచ్చి మీరు దొరకకపోతే అది విమానం ఎక్కదు. తాళంచెవులు సూట్‌కేసులో కాదు, జేబులో ఉండాలి. ఫోన్ సైలెంట్‌లో పెట్టకండి.

దిగాక

నేరుగా సామాను బెల్టు దగ్గరికి వెళ్లండి. కాఫీ తర్వాత. కొన్ని ఎయిర్‌లైన్లు గన్ కేసును బెల్టు మీద వదలకుండా సామాను కార్యాలయంలో గుర్తింపు కార్డు చూసి ఇస్తాయి, కాబట్టి పది నిమిషాల్లో రాకపోతే అక్కడ అడగండి. తాళాలు, కీళ్లు బయటనుంచి చూసుకోండి. ఏదైనా విరిగి ఉంటే విమానాశ్రయం దాటకముందే ఫిర్యాదు రాయించండి. పెట్టెను మాత్రం టెర్మినల్‌లో తెరవవద్దు.

గాలి చొరని పెట్టె మూత దిగాక రాకపోతే కంగారుపడకండి. పైన పలచని గాలిలో మూసుకుపోయి, కింద ఒత్తిడికి బిగుసుకుంటుంది. వాల్వు మర కాస్త వదులు చేస్తే వచ్చేస్తుంది. చలి ప్రదేశంలో గదిలోకి తెచ్చాక తుపాకీ మీద చెమ్మ పడుతుంది, తుడిచి, ఫోమ్ ఆరేదాకా పెట్టె తెరిచి ఉంచండి. వేట మొదలయ్యే ముందు 100 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి గురి సరిచూసుకోండి. విమానంలో వచ్చిన రైఫిల్‌ను పరీక్షించకుండా జంతువు మీద పేల్చడం ఆ జంతువుకు అన్యాయం. గాయపడి పారిపోయి ఎక్కడో చస్తుంది.

తిరుగు ప్రయాణం

వచ్చేటప్పుడు కూడా ఇదంతా మళ్లీ చేయాల్సిందే, అలసటతో ఉంటారు కాబట్టి మరింత జాగ్రత్తగా. కోటు జేబుల్లో మిగిలిన తూటాలు వెతకండి. మాంసం గడ్డకట్టించి కూలర్‌లో చెక్-ఇన్ చేయొచ్చు. డ్రై ఐస్ వాడితే మనిషికి 5.5 పౌండ్ల దాకానే, ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, కూలర్‌లోంచి వాయువు బయటికి పోయే దారి ఉండాలి. జింకల్లో వచ్చే సీడబ్ల్యూడీ (క్రానిక్ వేస్టింగ్ డిసీజ్) జబ్బు వల్ల చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నుపూస ఉన్న భాగాలను లోపలికి రానివ్వవు. ఎముక తీసిన మాంసం, శుభ్రం చేసిన పుర్రె, కొమ్ములు తెచ్చుకోండి.

అమెరికా దాటి వేటకు వెళ్తే, వెళ్లేముందే కస్టమ్స్ కార్యాలయంలో రైఫిల్ చూపించి 4457 ఫారం మీద ముద్ర వేయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ తుపాకీ మీదేనని చూపించే కాగితం అదే.

ఇండియా ప్రయాణానికి వేట బ్యాగు, షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగు అసలు వాడకండి. లోపలి అరలో మిగిలిపోయిన ఒక్క తూటా హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో ఎక్స్‌రేలో కనిపిస్తే ఆయుధాల చట్టం, 1959 కింద కేసు అవుతుంది. తెలియకుండా ఉండిపోయిందని కోర్టులో రుజువు చేసి కొట్టేయించుకున్నవాళ్లు ఉన్నారు, కానీ ఆలోగా విమానం, సెలవు, వీసా స్టాంపింగ్ అన్నీ పోతాయి. వేటకు ఒక బ్యాగు విడిగా పెట్టుకోండి, దాన్ని గన్ కేసు పక్కనే ఉంచండి.