పాత అంబాసిడర్ ఇంజను నేర్చుకుందాం – 6వ పాఠం: మెయిన్ బేరింగు మోతను పట్టుకోవడం

కిందటి పాఠంలో బిగించిన ఆయిల్ ప్రెషర్ గేజీని అలాగే ఉంచండి, ఈ పాఠానికి అది కావాలి. ఇంజను అడుగున వచ్చే మోత మెయిన్ బేరింగుదా (పిస్టన్ల దెబ్బలతో తిరిగే క్రాంకు అనే ఇరుసును మోసేది), ఇంకోదానిదా అన్నది ఇంజను దించకుండా తేల్చుకోవడమే ఈసారి పని. షెడ్డుకు తీసుకెళ్తే "బేరింగులు పోయాయి సార్, ఇంజను దించాల్సిందే" అన్న మాట ఐదు నిమిషాల్లో వింటారు. నిజమే అయ్యుండొచ్చు. తీరా దించాక అసలు తప్పు క్రాంకు పుల్లీ నట్టుదని తేలిన బండ్లూ ఉంటాయి.

మనం నేర్చుకుంటున్నది 1489 సీసీ పెట్రోల్ ఇంజను. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) డిజైను, 1959లో పాత సైడ్ వాల్వు ఇంజను పోయి ఇది వచ్చింది. ఇందులో క్రాంకును మోసేవి మూడే మెయిన్ బేరింగులు: ముందు టైమింగ్ చైను వైపు ఒకటి, రెండో మూడో సిలిండర్ల నడుమ ఒకటి, వెనక ఫ్లైవీల్ దగ్గర ఒకటి. ఇదే కుటుంబంలోని ఎంజీబీ అనే బ్రిటిష్ కారు ఇంజనుకు 1964లో ఐదు బేరింగులు పెట్టారు. మన బండికి మూడుతోనే సరిపెట్టారు. (1992లో వచ్చిన ఇసుజు 1.8 ఇంజను బండి మీదైతే కింద చెప్పే లెక్కలు దానికి పెట్టకండి.)

ముందు ఆయిల్ దారి గుర్తుపెట్టుకోండి. పంపు నుంచి ఫిల్టరుకు, అక్కడి నుంచి బ్లాకులోని మెయిన్ గ్యాలరీకి, గ్యాలరీ నుంచి మూడు మెయిన్ బేరింగులకు. పిస్టన్లను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల బిగ్ ఎండు (క్రాంకును పట్టుకునే చివర) బేరింగులకు ఆయిల్ అందేది మెయిన్ల ద్వారానే, క్రాంకులో వేసిన రంధ్రాల గుండా. మెయిన్ బేరింగు అరిగి సందు పెరిగితే ఆయిల్ అక్కడే కారిపోతుంది, రాడ్లకు కరువొస్తుంది. అందుకే మెయిన్ ఒక్కటే పోయి రాడ్లు బాగుండటం అరుదు.

ఇప్పుడు గేజీ చూడండి. ఇంజను బాగా వేడెక్కాలి, కనీసం పది కిలోమీటర్లు తిప్పి రండి. చల్లని ఇంజనులో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఎంత అరిగిన బండైనా ప్రెషర్ బాగానే చూపిస్తుంది. వేడి మీద, మామూలు వేగంలో చదరపు అంగుళానికి 50 పౌండ్లకు అటూ ఇటూ ఉండాలి. ఐడిల్‌లో 15 దాకా ఉంటే భయం లేదు. ప్రెషర్ పడిపోయింది, మోత మాత్రం లేదంటే రిలీఫ్ వాల్వు (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేది), పంపు, పలచబడ్డ ఆయిల్ మీద అనుమానపడాలి. పెట్రోల్ పంపు డయాఫ్రం చిరిగితే పెట్రోల్ ఛాంబర్‌లోకి (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దిగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే తెలిసిపోతుంది. మోత ఉన్నా వేడి మీద ప్రెషర్ గట్టిగా ఉందంటే మెయిన్ల మీద తొందరపడి నింద వేయకండి. మోతా, ప్రెషర్ పడిపోవడమూ కలిసి వచ్చినప్పుడే మెయిన్ల మాట.

ఇక మోత. మెయిన్ బేరింగు మోత బరువుగా ఉంటుంది, దూరంగా ఎవరో రోకలితో దంచుతున్నట్టు. చెవికి వినబడేకంటే ముందు కాళ్లకు, ఫ్లోరుకు తెలుస్తుంది. ఇంజను మీద లోడు పడినప్పుడు పెరుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ టాప్ గేరులో 30 వేగం మీద యాక్సిలరేటర్ తొక్కితే రెండు మూడు సెకన్లలో బయటపడుతుంది. అంతకు మించి తొక్కకండి, అరిగిన షెల్లుకు (బేరింగు లోపలి లోహపు రేకు) అది శిక్షే. బిగ్ ఎండు మోత ఇంతకంటే పలచన, టకటకమని ఉంటుంది, యాక్సిలరేటర్ వదిలే క్షణంలో ఎక్కువ వినిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మోగి వేడెక్కాక తగ్గేది పిస్టన్ మోత, దాంతో కొన్నాళ్లు నడిపేయొచ్చు.

అసలు పరీక్ష ప్లగ్గులతో. మోత వినిపించే వేగంలో ఇంజను నిలిపి, ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూడాలి. తీసిన వైరుకు ఒక పాత ప్లగ్గు తగిలించి, దాని లోహపు భాగం బ్లాకుకు ఆనేలా పెట్టండి, కాయిల్‌కు మంచిది. రబ్బరు గ్లవ్ వేసుకోండి, ఫ్యాన్ బెల్టుకు చొక్కా చేయి, చున్నీ దూరంగా ఉంచండి. ఒక్క సిలిండరు ఆపగానే మోత మాయమైతే అది ఆ సిలిండరు బిగ్ ఎండు. 1వ సిలిండరు (ముందుది) ఆపితే కొంత తగ్గి మిగతావాటికి మారకపోతే ముందు మెయిన్. 4కి అలాగైతే వెనకది. ఒక్కొక్కటి తీసినప్పుడు పెద్ద తేడా లేక, 2, 3 కలిపి ఆపినప్పుడు మోత పడిపోతే నడిమి మెయిన్ మీద వేలు పెట్టొచ్చు, ఎందుకంటే ఆ రెండు సిలిండర్ల దెబ్బలు దాని పక్కనే పడతాయి. ఒక్కో పరీక్ష పది సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే కాలని పెట్రోల్ సిలిండరు గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది.

తర్వాత దొంగ మోతలు. ఇంజను ఆపి క్రాంకు పుల్లీని చేత్తో ఊపి చూడండి. ఫ్లైవీల్ బోల్టులు వదులైనా ఇలాంటి మోతే వస్తుంది, అది ఐడిల్‌లో లెక్క లేకుండా వచ్చి పోతుంటుంది. క్లచ్ తొక్కగానే మోత మారిందా? అయితే క్రాంకు ముందుకూ వెనక్కూ ఆడుతోంది. ఆ ఆటను ఆపే థ్రస్ట్ వాషర్లు నడిమి మెయిన్ దగ్గరే ఉంటాయి. ఉండాల్సిన ఆట రెండు మూడు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మాత్రమే. క్లచ్ మీద కాలు ఆనించి నడిపే డ్రైవర్ చేతిలో ఉన్న బండిలో వీటిని మొదట చూడాలి.

ఇంకా అనుమానం ఉంటే ఆయిల్ దించండి. వేడిగా ఉండగానే తెల్లటి స్టీలు బేసిన్‌లోకి వదిలి ఎండలో ఊపి చూడండి. బేరింగు లోహం వెండి పొడిలా, సన్నని రేకుల్లా మెరుస్తుంది. పాలిథిన్ కవర్లో చుట్టిన అయస్కాంతం ఆడించండి: అంటుకుంటే అది ఇనుము, క్యాము, టాపెట్లు, చైను వైపు చూడాలి. అంటుకోకుండా మెరిసేది షెల్లు పై పూత. రాగి రంగు తునకలు కనిపిస్తే పూత అయిపోయి, దాని కిందున్న రాగి-సీసం పొర లేచిపోతోందని అర్థం. ఆ బండిని ఇక స్టార్ట్ చేయొద్దు, షెడ్డుకైనా తాడు కట్టి తీసుకెళ్లండి. ఫిల్టరు గిన్నె అడుగు కూడా వేలితో తడిమి చూడండి, తునకలు అక్కడే పేరుకుంటాయి.

పాత అంబాసిడర్ కొనబోయేవాళ్లకు ఒక మాట. మోత కప్పిపుచ్చడానికి ఇంజనులో గేరాయిల్ కలిపి అమ్మేవాళ్లు ఉంటారు. ముందే వేడి చేసి ఉంచిన ఇంజనును చూపిస్తే మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ చూస్తామనండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తేనెలా సాగితే బేరం అక్కడే ఆపండి.

వచ్చే పాఠానికి ముందు నాలుగు ప్లగ్గుల పరీక్ష చేసి, ఒక్కో వైరు తీసినప్పుడు మోత ఎలా మారిందో, గేజీ ఎంత చూపిందో కాగితం మీద రాసిపెట్టుకోండి. 7వ పాఠంలో ఛాంబర్ దించి, నడిమి మెయిన్ బేరింగు క్యాపు (కింది మూత) విప్పి, జర్నల్‌ను (బేరింగులో తిరిగే క్రాంకు భాగం) మైక్రోమీటరుతో కొలుస్తాం. గ్రైండింగ్ ఎన్ని థౌ, 10 సరిపోతుందా 20 దాకా వెళ్లాలా అన్నది అప్పుడు తేలుతుంది.