సముద్ర తీరంలో సెలవులు – 4వ పాఠం: స్టేషన్ కింద, ఊరు పైన

పోయిన పాఠంలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నుంచి ఇటలీ సరిహద్దు దాకా సముద్రం అంచునే వెళ్లే రైలు మార్గం గురించి చెప్పి, దాని మీద ఒక రోజు ప్లాన్ వేసి పంపమన్నాను. పంపినవన్నీ చదివాను. సగానికి పైగా ప్లాన్లలో ఒకటే వరుస కనిపించింది: 9.30కి ఆ దారిలోని ఎజ్ అనే ఊరి స్టేషన్‌లో దిగడం, 9.45కి కొండ మీది తోట, 11 గంటలకు మళ్లీ రైలెక్కి మొనాకో.

ఒకాయన ప్లాన్ పంపి ఊరుకోలేదు, నిజంగానే వెళ్లారు. భార్యతో, నాలుగేళ్ల పాపతో, పాప స్ట్రోలర్‌తో ఎజ్ స్టేషన్‌లో దిగి, "మేడమ్, ఊరు ఎటు?" అని నాకు మెసేజ్ పెట్టారు. నేను గంట తర్వాత చూశాను. ఊరు ఎటో కాదు, వాళ్ల నెత్తి మీద ఉంది. 429 మీటర్ల ఎత్తున.

ఇందులో తప్పు నాది. స్టేషన్ల పేర్లు వరసగా ఇచ్చేసి, ఏ ఊరు ఎంత ఎత్తులో ఉందో చెప్పకుండా వదిలేశాను. ఆ ఎండలో స్ట్రోలర్ మోసుకుంటూ తిరిగిన ఆ కుటుంబానికి క్షమాపణ చెప్పుకున్నాను, ఇక్కడ అందరి ముందూ మళ్లీ చెబుతున్నాను. ఈసారి నీస్ మార్కెట్ల గురించి రాయాల్సింది. అది వచ్చే పాఠానికి జరిపాను. ఎత్తు సంగతి తేలకుండా ముందుకెళితే ఈ తీరంలో ఏ ప్లానూ నిలబడదు.

టికెట్లు ఎలా కొనాలి, ఏ ప్లాట్‌ఫామ్ అని కొందరు అడిగారు. స్టేషన్ మెషిన్‌లో భాష మార్చుకుంటే అదే చెబుతుంది, దాని మీద పాఠం అక్కర్లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. నీస్ నుంచి తూర్పుకు వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. సముద్రం అటే ఉంటుంది.

ఇక అసలు విషయం.

రైల్లో వెళ్లి తిరుపతి స్టేషన్‌లో దిగినవాళ్లెవరూ గుడి ఎదురుగా ఉంటుందనుకోరు. తిరుపతి కింద, తిరుమల పైన అని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అదృష్టం కొద్దీ మనకు పేర్లు కూడా రెండున్నాయి. ఎజ్ విషయంలో రెండింటికీ ఒకటే పేరు. కింద రైలు ఆగేది ఎజ్ సుర్ మేర్, అంటే సముద్రం ఒడ్డున ఉన్న ఎజ్. అక్కడ స్టేషన్, రోడ్డు, కొన్ని ఇళ్లు, గులకరాళ్ల బీచ్ ఉంటాయి, అంతే. ఫోటోల్లో మీరు చూసిన రాతి సందులు, నాగజెముళ్ల తోట, శిథిలమైన కోట, అన్నీ పైనున్న ఎజ్‌లో ఉన్నాయి. మ్యాపులో రెండింటి మధ్య గీత గీస్తే కిలోమీటరు కూడా రాదు. అందుకే పావుగంట నడక అనుకుంటారు.

ఊళ్లు అంత ఎత్తున ఎందుకు కట్టుకున్నారంటే, భయంతో. కొన్ని వందల ఏళ్లు ఈ తీరానికి సముద్రం మీంచి దోపిడీ దొంగలు వచ్చేవారు. ఒడ్డున ఉంటే దొరికిపోతారు. అందుకని జనం రాతి కొండల నెత్తిన గూళ్లలా ఊళ్లు కట్టుకుని, సముద్రం మీద కన్నేసి ఉంచేవారు. రైలు చాలా తర్వాత వచ్చింది. 1868లో మొనాకో దాకా పట్టాలు వేసినప్పుడు, రైలు కొండెక్కలేదు కాబట్టి నీళ్ల పక్కనే వేశారు. అలా పాత ఊరు పైన, కొత్త స్టేషన్ కింద మిగిలాయి. ఈ ఒక్క కారణం మనసులో పెట్టుకుంటే ఈ తీరంలో సగం ఊళ్ల సంగతి మీకే తెలిసిపోతుంది. పాత ఊరు, కోట ఉన్న ఊరు, "మధ్యయుగపు గ్రామం" అని రాసి ఉన్న ఊరు ఏదైనా కొండ మీదే ఉందని ముందు అనుమానించండి. కింద ఉందని తేలితే సంతోషించండి.

పేరు చివర సుర్ మేర్ ఉంటే చాలు, అది కింది ఊరే కదా అని ఒకరు సూత్రం తీశారు. అదీ సరిపోదు. విల్‌ఫ్రాంష్ సుర్ మేర్ నిజంగానే నీళ్ల పక్కన ఉంది. స్టేషన్ మెట్లు దిగితే బీచే. బోల్యు సుర్ మేర్ కూడా అంతే. కానీ నీస్‌కు పడమర ఉన్న కాన్య సుర్ మేర్‌లో స్టేషన్ కింద ఉంటుంది, మీరు చూడాలనుకునే పాత ఊరు, కోట కొండ మీద ఉంటాయి. రోక్‌బ్రూన్‌లోనూ ఇదే కథ, మెట్ల దారి. ఆంతీబ్ పాత ఊరు చదునుగా ఉంటుంది, పికాసో 1946లో బొమ్మలు వేసిన కోట సముద్రం గోడ మీదే ఉంది, హాయిగా నడిచి వెళ్లొచ్చు. మొనాకోలో కొండ ఉంది కానీ జనం కోసం ఊరంతా లిఫ్టులు పెట్టారు, డబ్బు తీసుకోరు. కాబట్టి పేరు చూసి కాదు, ఎత్తు చూసి నిర్ణయించుకోవాలి.

ఎత్తు చూడటం కష్టమేం కాదు. ఫోన్ మ్యాపులో నడక దారి పెట్టండి. ఎన్ని మీటర్లు ఎక్కాలో కింద చిన్న గ్రాఫ్‌లో వస్తుంది. అది రాకపోతే రోడ్డు గీత చూడండి. జంతికల పిండి జారవిడిచినట్టు మెలికలు మెలికలుగా ఉంటే అది ఘాట్ రోడ్డు.

ఎత్తు తెలిశాక లెక్క ఇలా వేయండి. మామూలు నడకకు కిలోమీటరుకు 15 నిమిషాలు. ఎక్కే ప్రతి 10 మీటర్లకు ఇంకో నిమిషం కలపాలి. ఎజ్ స్టేషన్ నుంచి ఊరికి కాలిదారి రెండు కిలోమీటర్లు అనుకుంటే 30 నిమిషాలు, 429 మీటర్లకు 43 నిమిషాలు, మొత్తం 73. ఇది మోకాళ్లు బాగున్నవాళ్లకు, ఆగకుండా ఎక్కితే. అమ్మానాన్నలతో వెళితే ఒకటిన్నర రెట్లు చేయండి, దాదాపు 110 నిమిషాలు. శ్రీవారి మెట్టు ఎక్కినవాళ్లకు ఆ ఆయాసం ఎలా ఉంటుందో తెలుసు. కాకపోతే అక్కడ పైన కప్పు నీడ ఉంటుంది, పక్కన గోవింద నామం వినిపిస్తుంది. ఇక్కడ దక్షిణం వైపు వాలు, జూలైలో ఎండ నేరుగా వీపు మీద పడుతుంది, దారిలో నీళ్లు అమ్మేవాళ్లు లేరు.

ఆ దారికి జర్మన్ తత్వవేత్త నీచే పేరు పెట్టారు. 1880లలో ఆయన చలికాలాలు నీస్‌లో గడిపేవాడు, ఈ దారెక్కుతూ ఆలోచించేవాడు. చలికాలంలో అన్న మాట గమనించండి. ఆయన ఎక్కాడు కదా అని ఆగస్టులో ఎక్కొద్దు.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టుదల ఎందుకో చెబుతాను. ఆంతీబ్ దగ్గరున్న టెక్నాలజీ పార్కు సోఫియా ఆంతిపోలిస్‌లో ఉద్యోగానికి వచ్చిన మొదటి ఏడాది, అమ్మనూ పిన్నినీ వేసవికి పిలిపించుకున్నాను. నేనూ మ్యాపు చూసే వాళ్లను ఎజ్ స్టేషన్‌లో దింపాను. ఊరికి వెళ్లే బస్సు అప్పుడే వెళ్లిపోయింది, ఇంకోటి రావడానికి చాలా టైముంది. స్టేషన్ బయట ఒక బెంచీ, దాని మీద సగం దాకా నీడ. అమ్మ కొంగు తడిపి మెడకు చుట్టుకుంది. పిన్ని చెప్పులు విప్పి బెంచీ కింద నీడలో పాదాలు పెట్టుకుంది. తెచ్చిన పులిహోర డబ్బా అక్కడే తీసి తినేశాం, పదిన్నరకే. ఎదురుగా నీలం రంగు సముద్రం ఉంది, ఇద్దరూ దాని వైపు చూడలేదు. "ఇంకెంతసేపే?" అని అమ్మ రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడం మానేసింది. అలా అడగడం మానేసిన అమ్మ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పెద్దవాళ్లు మన సంతోషం కోసం ఓర్చుకుంటారు, బయటికి చెప్పరు. అందుకే వాళ్ల తరఫున లెక్క మనమే ముందు వేయాలి.

సరైన ప్లాన్ ఇది. నేను ఎవరికైనా ఇదే చెబుతాను. ఎత్తుకు పొద్దున, నీళ్లకు మధ్యాహ్నం. పైకి చక్రాల మీద, కిందికి కావాలంటే కాళ్ల మీద.

నీస్‌లో ట్రామ్ 1వ లైన్ మీద వోబాన్ అనే స్టాపులో దిగి, అక్కడి నుంచి పై ఎజ్‌కు బస్సు ఎక్కండి. బస్సు మొదలయ్యే చోటే ఎక్కండి, సీజన్‌లో మధ్య స్టాపులకొచ్చేసరికి నిండిపోయి ఆగకుండా వెళుతుంది. తొమ్మిది గంటలకల్లా పైనుంటే సందులు మీవే. ఊళ్లోకి బండ్లు రావు, బస్సు దిగాక తోటకు ఇంకా మెట్లెక్కాలి, ఆ టైమ్ కూడా కలుపుకోండి. తోట కోట శిథిలాల చుట్టూ ఉంది. 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సైన్యం పడగొట్టిన కోట అది. అదే ఏడాది నీస్ కోటనూ నేలమట్టం చేయించాడు. అందుకే నీస్‌లో కోట కొండ అంటారు గానీ పైన కోట కనిపించదు. ఆ కొండ 92 మీటర్లే, పక్కనే లిఫ్టు కూడా ఉంది, దానికి లెక్కలు అక్కర్లేదు.

పదకొండు గంటలకు రెండు దారులు. కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లు, మంచి షూలున్నవాళ్లు నీచే దారిలో కిందికి దిగండి. గంటలోపే స్టేషన్ వస్తుంది. రాళ్లు జారతాయి, వాన పడిన మర్నాడు వద్దు, చెప్పులతో అసలు వద్దు. అక్కడి నుంచి నీస్ వైపు రైల్లో రెండో స్టేషన్ విల్‌ఫ్రాంష్. ఈతకు నా ఓటు దానికే, నీస్‌కు కాదు. నీస్ బీచ్ అంతా గుండ్రాళ్లు, నాలుగడుగులు వేస్తే లోతు వచ్చేస్తుంది. విశాఖలో అల చూసి జాగ్రత్తపడటం అలవాటైనవాళ్లు ఇక్కడ అల లేదని ధైర్యంగా దిగుతారు. ఇక్కడ ప్రమాదం అలలో లేదు, లోతులో ఉంది. విల్‌ఫ్రాంష్‌లో ఇసుక ఉంది, లోపలికి వంగిన తీరం గాలిని ఆపుతుంది, పిల్లలకు అదే మేలు. ఒడ్డునే ఫ్రెంచ్ కవి, చిత్రకారుడు జాఁ కోక్తో 1957లో గోడల నిండా బొమ్మలు వేసిన చిన్న జాలర్ల చర్చి ఉంది. లోపల పది నిమిషాలు చల్లగా గడపొచ్చు.

పెద్దవాళ్లున్న కుటుంబమైతే దిగే దారి వద్దు. బస్సులోనే నీస్ వచ్చి, రైలెక్కి బోల్యులో దిగండి. అక్కడి నుంచి పక్క ఊరు సాఁ జాఁ కాప్ ఫెరా దాకా సముద్రం గోడ పక్కనే చదునైన నడక దారి ఉంది, అరగంట పైచిలుకు. మా అమ్మ తర్వాతి ఏడాది ఆ దారిలో మాట్లాడుకుంటూ ఆ చివరి దాకా వెళ్లింది.

భోజనం గురించి రెండు మాటలు. చిన్న ఊళ్లలో హోటల్ వంటగది పన్నెండుకు తెరిచి రెండింటికి మూస్తారు, మళ్లీ ఏడింటికే. మనలా మూడు గంటలకు భోజనానికి వెళితే కాఫీ మాత్రం ఇస్తారు. నీస్‌లో రోజూ సరిగ్గా పన్నెండుకు కోట కొండ మీంచి ఫిరంగి పేలినట్టు పెద్ద చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినగానే తిండి ఎక్కడో చూసుకోండి. శాకాహారులు సొక్కా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు మాడి కరకరలాడుతూ, మధ్యలో మెత్తగా ఉంటుంది. గరిటెతో గీకి కాగితంలో వేసి, మీద మిరియాల పొడి చల్లి ఇస్తారు. చేత్తో తినాలి, వేడిగానే తినాలి. గుమ్మడి జాతి పువ్వులతో వేసే బజ్జీలు కూడా బాగుంటాయి. ఉల్లిపాయల రొట్టెలా కనిపించే పిసలదియేర్‌ను మాత్రం నమ్మకండి, అందులో చిన్న చేపలు వేస్తారు.

అభ్యాసం. ఈసారి కుర్చీలో కూర్చుని చేసేది కాదు.

మొదట మీ సొంత లెక్క తెలుసుకోండి. దగ్గర్లో వంద మీటర్ల ఎత్తున్న కొండేదైనా ఎంచుకోండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు గోల్కొండ కింది దర్వాజా నుంచి బాలాహిస్సార్ దాకా, విశాఖవాళ్లు కైలాసగిరి మెట్ల దారిలో, విజయవాడవాళ్లు ఇంద్రకీలాద్రి. మీతో రాబోయే వాళ్లందరితోనూ ఎక్కండి, ఒక్కరే కాదు. ఫోన్‌లో ఎత్తు, టైమ్ రెండూ రాసుకోండి. 10 మీటర్లకు ఒక నిమిషం అన్న నా లెక్క మీ కుటుంబానికి ఒకటిన్నర అవుతుందో, రెండవుతుందో అప్పుడు తేలుతుంది. ఎక్కువ సేపు పట్టిన మనిషి టైమే మీ ప్లాన్‌కు ఆధారం.

ఆ లెక్కతో మూడు దారులకు నిమిషాలు కట్టి పంపండి: స్టేషన్ నుంచి పాత రోక్‌బ్రూన్, కాన్య స్టేషన్ నుంచి పైనున్న కోట, మొనాకో స్టేషన్ నుంచి పైనున్న లా తుర్బీ ఊళ్లో రోమన్లు అగస్టస్ చక్రవర్తికి కట్టిన విజయ స్మారకం. మూడింటిలో ఒకటి నడవకూడనిది, బస్సే ఎక్కాలి. అది ఏదో, ఎందుకో రాయండి. చివరగా, పోయినసారి పంపిన మీ ప్లాన్ తీసి, ఎజ్ పక్కన "పైన" అనో "కింద" అనో రాసి, టైములు దిద్ది మళ్లీ పంపండి. స్ట్రోలర్ ఉన్నవాళ్లు ఆ సంగతి పైనే రాయండి, వాళ్లవి ముందు చూస్తాను.