ధర్నా రోజే సైట్ పడిపోతే: ఏం చూడాలి, ఏం చేయాలి

బెంగళూరు ఫ్రీడమ్ పార్క్‌లో పౌరకార్మికుల ధర్నా మొదలైన రోజు పొద్దున పదకొండు గంటలప్పుడు సంఘం అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, సైటు తెరుచుకోవట్లేదు, ఊరికే తిరగతానే ఉండాది." బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. జీతం బకాయిల మీద వాళ్లు రాయించిన ఫిర్యాదులు ఆ సైట్‌లోనే ఉన్నాయి. ఎవరినైనా స్టేషన్‌కు తీసుకెళ్తే ఫోన్ చేయాల్సిన లాయర్ల నంబర్లూ అందులోనే. సరిగ్గా ఆ పూటే అవి ఎవరికీ అందకుండా పోయాయి.

ఆ సైట్ చూసుకునేది నేనే. టెన్షన్‌లో సర్వర్‌ను రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, ఏమీ మారలేదు. "సైట్ పడిపోయింది" అనే మాట వెనక నాలుగైదు వేరువేరు రోగాలు ఉండొచ్చు. ఏదో తేల్చుకోకుండా మందు వేస్తే పూట గడిచిపోతుంది. గొడవల సమయంలో సైట్ అవసరం ఆ పూటకే. అందుకే కనిపించే లక్షణాన్ని పట్టుకుని కారణం దగ్గరికి వెళ్లేలా ఇది రాస్తున్నాను.

లక్షణం: ఎవరికీ తెరుచుకోదు, 502, 503, 504 అనే ఎర్రర్ నంబర్లు వస్తాయి

రెండు కారణాలు ఉండొచ్చు. నిజంగానే జనం ఎగబడి ఉండొచ్చు, లేదా ఎవరో డీడాస్ దాడి చేస్తుండొచ్చు. అంటే వైరస్ పట్టిన వేల కంప్యూటర్లు, కెమెరాలు, రూటర్ల నుంచి ఒకేసారి మన సర్వర్ తలుపు కొట్టించడం. ఈ రెండింటికీ తేడా యాక్సెస్ లాగ్‌లో, అంటే ఎవరు ఎప్పుడు ఏ పేజీ అడిగారో సర్వర్ రాసుకునే చిట్టాలో తెలుస్తుంది. మనిషి వస్తే ముందు హోమ్ పేజీ అడుగుతాడు, వెంటనే ఫొటోలు లోడ్ అవుతాయి, కాసేపాగి ఇంకో పేజీ నొక్కుతాడు. దాడిలో ఇవేవీ ఉండవు.

ఆ రోజు మా లాగ్‌లో 11:02:17 అనే ఒక్క సెకనులోనే మూడు వందల పైన లైన్లున్నాయి. అన్నీ సెర్చ్ పేజీకే. ప్రతి లైన్‌లోనూ అర్థం లేని ఒక కొత్త పదం. ఒక్క ఫొటో కూడా ఎవరూ అడగలేదు. సెర్చ్‌నే ఎందుకు ఎంచుకుంటారంటే, మామూలు పేజీనైతే క్యాష్ నుంచి, అంటే ముందే తయారుచేసి దాచిన కాపీ నుంచి తీసి ఇచ్చేయొచ్చు. కొత్త పదం వచ్చిన ప్రతిసారీ సర్వర్ డేటాబేస్ అంతా వెతకాలి. కాబట్టి చిన్న సర్వర్‌ను పడగొట్టడానికి పెద్ద దాడి అక్కర్లేదు. వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కట్టిన సైట్లయితే లాగిన్ పేజీని కూడా ఇలాగే కొడతారు.

పెద్ద దాడి ఎలా ఉంటుందో చెప్పాలంటే, 2020 మేలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపాక వీధుల్లో నిరసనలు లేచినప్పుడు హక్కుల సంఘాల సైట్ల మీద దాడులు ఏప్రిల్ కంటే 1,120 రెట్లు పెరిగాయని, సైట్లను దాడుల నుంచి కాపాడే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ లెక్క చెప్పింది. ఒక సంఘం సైట్‌కైతే సెకనుకు 20,000 రిక్వెస్టులు వచ్చాయి.

ఏం చేయాలి: ముందు సెర్చ్ ఆపేయండి. హోమ్ పేజీ స్థానంలో ముఖ్యమైన నంబర్లు, ధర్నా వివరాలు మాత్రమే ఉన్న ఒక సాదా పేజీ పెట్టండి. డేటాబేస్‌తో పని లేని పేజీ చాలా దెబ్బలు తట్టుకుంటుంది. ఆ తర్వాత సైట్ ముందు ఒక కవచం, అంటే దాడి రిక్వెస్టులను వడకట్టి మిగతావే మన సర్వర్‌కు పంపే సర్వీసు పెట్టాలి. క్లౌడ్‌ఫ్లేర్ 2014లో మొదలుపెట్టిన ప్రాజెక్ట్ గెలీలియో, గూగుల్ వాళ్ల ప్రాజెక్ట్ షీల్డ్, ఈక్వాలిటీ సంస్థ నడిపే డిఫ్లెక్ట్, ఈ మూడూ ఇలాంటి సంఘాలకు ఉచితమే. అయితే దరఖాస్తు పెట్టి ఒప్పుకునేదాకా ఆగాలి. ఈలోపు క్లౌడ్‌ఫ్లేర్ మామూలు ఫ్రీ ప్లాన్‌లో చేరి అందులో అండర్ అటాక్ మోడ్ (వచ్చేది మనిషో కాదో చూసి లోపలికి వదిలే సెట్టింగ్) ఆన్ చేయండి. ఇందుకు నేమ్‌సర్వర్లు (సైట్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) మార్చాలి, ఆ మార్పు అందరికీ చేరడానికి ఒక రోజు పైగా పట్టొచ్చు కాబట్టి ఇదంతా ధర్నాకు వారం ముందే చేసిపెట్టుకోవడం మేలు.

నేను దెబ్బతిన్నది దీని తర్వాతే. కవచం పెట్టాక సైట్ లేచింది, ఇరవై నిమిషాలు నడిచింది, మళ్లీ పడింది. దాడి చేసేవాళ్లకు మా సర్వర్ పాత ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో దాని నంబరు) ముందే తెలుసు. కవచాన్ని పక్కన పెట్టి నేరుగా దానికే కొట్టారు. హోస్టింగ్ వాళ్లను అడిగి ఐపీ మార్పించాను. గంటలో కొత్తదీ దొరికిపోయింది. ఎలాగంటే, సంఘం ఈమెయిల్ కూడా అదే సర్వర్‌లో ఉంది, డొమైన్ మెయిల్ రికార్డు చూస్తే ఎవరికైనా ఆ అడ్రస్ కనబడుతుంది. కాబట్టి వరస ఇది: ముందు మెయిల్‌ను వేరే చోటికి మార్చండి, తర్వాత ఐపీ మార్చండి, ఆపైన ఫైర్‌వాల్‌లో (సర్వర్‌కు కాపలా సాఫ్ట్‌వేర్) కవచం అడ్రస్‌లను మాత్రమే లోపలికి రానివ్వండి.

తిరిగి వాళ్ల మీద దాడి చేద్దామని ఎవరైనా కుర్రాళ్లు ఉత్సాహపడితే గట్టిగా ఆపండి. ఐటీ చట్టం సెక్షన్ 66 ఆ కుర్రాళ్లకూ వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు. దాడి వస్తున్న కంప్యూటర్లు కూడా ఎవరో అమాయకులవే.

లక్షణం: అకౌంట్ సస్పెండ్ అయిందని హోస్టింగ్ కంపెనీ నుంచి మెయిల్

ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చవక షేర్డ్ హోస్టింగ్‌లో మన మీద దాడి జరిగితే పక్క సైట్లూ కుంగుతాయి, అందుకని మనల్నే తీసేస్తారు. వాళ్లతో వాదిస్తూ కూర్చోకుండా బ్యాకప్ అడిగి తీసుకుని వేరే చోట పెట్టండి. బ్యాకప్ ఎప్పుడూ హోస్టింగ్ బయట ఒకటి ఉండాలి.

లక్షణం: కొందరికి తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు

జియో నెట్‌లో రాదు, ఏసీటీ బ్రాడ్‌బ్యాండ్‌లో వస్తుంది, వీపీఎన్ (వేరే చోటి నుంచి తిప్పి తెరిచే యాప్) వేస్తే బ్రహ్మాండంగా వస్తుంది. లాగ్‌లో తొక్కిసలాట ఏమీ లేదు. అప్పుడిది దాడి కాదు, బ్లాక్ చేసి ఉంటారు. 2020 జులైలో పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదా మీద జనం అభ్యంతరాలు పంపుతున్న రోజుల్లో పర్యావరణ ఉద్యమ సంఘం ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ ఇండియా సైట్‌నూ బ్లాక్ చేశారు. ఇక్కడ పెద్ద సర్వర్ కొంటే డబ్బు దండగ.

ఊనీ ప్రోబ్ అనే ఉచిత యాప్‌తో వేరువేరు నెట్‌వర్క్‌ల మీద పరీక్ష చేయించండి. టైము, నెట్‌వర్క్ పేరు కనబడేలా స్క్రీన్‌షాట్లు దాచండి. ఐటీ చట్టంలో సైట్లను బ్లాక్ చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చే సెక్షన్ 69ఎ కింద బ్లాక్ చేసి ఉంటే 2009 నియమాల్లోని రహస్య నిబంధన చూపి ఉత్తర్వు కాపీ ఇవ్వకపోవచ్చు, కాబట్టి మొదటి రోజే లాయర్‌ను కలవండి. ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ వాళ్లు ఇలాంటి విషయాల మీదే పనిచేస్తారు.

లక్షణం: సైట్ బాగానే ఉంది, కానీ గూగుల్‌లో వెతికి నొక్కితే జూదం పేజీ వస్తుంది

అన్నిటికంటే నాకు భయం దీనంటేనే. సైట్ పడిపోతే ఒక రోజు పోతుంది. ఇక్కడ మాత్రం ఎవరో లోపల కూర్చున్నారు. ఫిర్యాదు ఫారంలో కార్మికురాలి పేరు, ఫోన్ నంబర్, పనిచేసే వార్డు ఉంటాయి. ఆ లిస్టు కాంట్రాక్టర్ చేతికి వెళ్తే మర్నాడు ఆమె పేరు హాజరు పట్టీలో ఉండదు. చాలాసార్లు కారణం అప్‌డేట్ చేయని ప్లగిన్ (సైట్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్), లేదా ఆరుగురు వాలంటీర్లు పంచుకునే ఒకే పాస్‌వర్డ్.

వెంటనే సైట్‌ను ఆఫ్‌లైన్ చేయండి. ఏదీ తుడవకముందే ఫైళ్లు, డేటాబేస్, లాగ్‌లు మొత్తం కాపీ తీయండి, ఆధారం అదే. వర్డ్‌ప్రెస్‌ను కొత్తగా వేయండి, పాతదాన్ని అతుకులేసి బాగుచేయొద్దు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో పీహెచ్‌పీ ఫైల్ కనబడితే అది దొంగ వదిలిన దొడ్డిదారి అనుకోవాలి. తెలియని అడ్మిన్లను తీసేసి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. ఫారం నింపినవాళ్లకు అదే రోజు ఫోన్ చేసి, వాళ్ల వివరాలు బయటికి పోయి ఉండొచ్చని చెప్పండి. చెప్పడం కష్టమే, కానీ కాంట్రాక్టర్ నోటి వెంట వినేకంటే మన దగ్గర వినడం నయం. మేమిప్పుడు ఫిర్యాదులను ప్రతి రాత్రీ సర్వర్ నుంచి తీసి, లాక్ చేసిన హార్డ్ డిస్క్‌లోకి మార్చి, సర్వర్‌లో మాత్రం చెరిపేస్తున్నాం.

ఫిర్యాదు ఎక్కడ

బెంగళూరులో సైబర్ నేరాలను సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) పోలీస్ స్టేషన్లు చూస్తాయి. ఆన్‌లైన్‌లో జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు కూడా మెయిల్ పెట్టండి. కంపెనీలు, సర్వీస్ ప్రొవైడర్లు దాడి జరిగితే 6 గంటల్లో సమాచారం ఇవ్వాలని, లాగ్‌లు 180 రోజులు దాచాలని 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఆదేశం ఇచ్చింది. హోస్టింగ్ కంపెనీ లాగ్‌లు లేవంటే ఆ తేదీ చెప్పి అడగండి. స్టేషన్‌కు వెళ్లేటప్పుడు లాగ్ కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ, మొదటి పది పేజీలు కాగితం మీదా తీసుకెళ్లండి. నేను వెళ్లిన రోజు పెన్‌డ్రైవ్ పక్కన పెట్టేశారు. కాగితం మీద 11:02:17 దగ్గర ఎర్ర పెన్నుతో గీసి చూపించాకే స్టేషన్ రైటర్ ఫిర్యాదు రాసుకోవడం మొదలుపెట్టాడు.