కేప్ మేలో పిట్టలు లెక్కపెట్టడానికి వెళ్లేముందు

ఆగస్టు చివరికొచ్చింది, పిట్టలు దక్షిణానికి వలసపోయే కాలం. న్యూజెర్సీ కొసన హిగ్బీ బీచ్‌కి వెళ్లే మనవాళ్ల కోసం:

– పేరు ఊహించి రాయకండి. వార్బ్లర్‌ని (చిన్న వలస పిట్ట) గుర్తుపట్టలేకపోతే ‘వార్బ్లర్, జాతి తెలియదు’ అనే రాయండి. తప్పుడు పేరు ఒక్కసారి లెక్కలో కలిస్తే తర్వాత ఎవరూ సరిదిద్దలేరు. వార్బ్లర్లలో ఒకటైన రెడ్‌స్టార్ట్ అయితే తోక విప్పగానే ఆడపిట్టకు పసుపు మచ్చలు, ఎదిగిన మగదానికి నారింజ మచ్చలు మెరుస్తాయి. ఆ అర సెకను ఎంత బాగుంటుందో!

– సూర్యోదయానికి ముందే చేరండి. రాత్రంతా ఎగిరొచ్చినవి మొదటి రెండు గంటల్లోనే ఎక్కువగా దాటిపోతాయి.

– ముందురోజే గాలి చూసుకోండి. వాయవ్యం నుంచి చల్లగాలి వీస్తే పండగే, పిట్టలు బోలెడు వస్తాయి.

– వలస దక్షిణానికే అయినా, పొద్దున్నే అటే వెళ్తాయనుకోకండి. ఎదురుగా డెలావేర్ బే ఉంది కాబట్టి చాలావరకు ఉత్తరానికి మళ్లుతాయి.

– ప్యాంటు అంచులు సాక్సులో దోపుకోండి. గడ్డిలో పిడుదులుంటాయి, లైమ్ జబ్బు వాటివల్లే వస్తుంది.