కంపెనీ పుట్టకముందు రాసుకున్న అగ్రిమెంట్: దావా ఏ ఊళ్లో వేయాలి?

సమస్య: సరుకు ఇచ్చారు, డబ్బు రాలేదు, కంపెనీ మీద దావా వేశారు. అవతలి లాయరు లేచి, ఆ అగ్రిమెంట్‌తో మా కంపెనీకి సంబంధం లేదు, అసలు ఈ కోర్టుకి పరిధే (ఈ కేసు వినే అధికారమే) లేదు అన్నాడు.

ముందు తేదీలు చూడండి. ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్ (కంపెనీ పుట్టిన తేదీ ఉండే పత్రం) ఒక పక్క, అగ్రిమెంట్ ఒక పక్క పెట్టుకుని చూడటానికి రెండు నిమిషాలు చాలు, అయినా నా దగ్గరికి ఫైలు పట్టుకొచ్చేవాళ్లలో ఆ పని చేసినవాళ్లు తక్కువ.

అగ్రిమెంట్ ముందుదైతే కంపెనీ అందులో పార్టీయే కాదు. అప్పటికి లేని కంపెనీ తర్వాత పుట్టి పాత సంతకాన్ని వెనక తేదీతో ఆమోదించడం కుదరదు. 1866లో ఇంగ్లండ్‌లో కెల్నర్ వర్సెస్ బాక్స్‌టర్ కేసు ఇదే: రాబోయే హోటల్ కంపెనీ కోసం వైన్ కొన్నారు, వైన్ అయిపోయింది, కంపెనీ కూలింది, బాకీ సంతకం పెట్టినవాళ్ల మీద పడింది.

ఇక నన్ను ముంచిన క్లాజ్ (అగ్రిమెంట్‌లోని షరతు) సంగతి. వైజాగ్ ద్వారకానగర్‌లో సంతకాలు, ఆటోనగర్ షెడ్డులో డెలివరీ, “రాబోయే కంపెనీ తరఫున” సంతకం పెట్టిన ప్రమోటర్ (కంపెనీ పెట్టబోయే మనిషి) ఇల్లు ఎంవీపీ కాలనీ. చివరి పేజీలో “కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊరి కోర్టులకే పరిధి” అని ఒక్క లైను. ఆర్నెల్లకి కంపెనీ హైదరాబాద్‌లో రిజిస్టర్ అయింది, నేను ఆ లైను నమ్మి అక్కడే దావా వేశాను. ఆ ఒప్పందాన్ని మేమెప్పుడూ తీసుకోలేదు అంది కంపెనీ. ఇక మిగిలింది ప్రమోటర్, ఆయనదీ సరుకుదీ అంతా వైజాగే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 20 ప్రకారం ప్రతివాది ఉండే చోటో, వ్యవహారం కొంతైనా జరిగిన చోటో కావాలి. హైదరాబాద్‌కి ఆ రెండూ లేవు. లేని పరిధిని పార్టీలు రాసుకుని ఇవ్వలేరని సుప్రీంకోర్టు 1971లోనే హకమ్ సింగ్ కేసులో చెప్పింది. ప్లెయింట్ (దావా పత్రం) వెనక్కి వచ్చింది. తప్పు కోర్టులో నిజాయతీగా గడిపిన కాలాన్ని దావాలకి గడువు పెట్టే లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద మినహాయించుకోవచ్చు గానీ, క్లయింటు మొహం చూడాలి కదా.

పరిష్కారం: వెనక తేదీతో ఆమోదం కుదరకపోయినా, పుట్టాక కంపెనీ ఒప్పందాన్ని తీసుకునే దారి ఒకటి ఉంది. కంపెనీ ఆ ఒప్పందాన్ని తనదిగా తీసుకుని, ఆ మాట మీకు చెప్పిందా? బోర్డు తీర్మానం వాళ్ల బీరువాలో ఉంటే లాభం లేదు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్లు 15, 19 ఈ రెండు విషయాలూ అడుగుతాయి: అంగీకారం, దాన్ని అవతలివాళ్లకి తెలపడం. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం, మెయిల్, వాళ్ల ఖాతా నుంచి వచ్చిన డబ్బు, అన్నీ వెతకండి. గట్టిగా దొరికితే కంపెనీయే ప్రతివాది, అప్పుడు హైదరాబాద్ క్లాజ్ కూడా పనిచేయొచ్చు, ఎందుకంటే పరిధి ఉన్న రెండు ఊళ్లలో ఒకటి ఎంచుకోవడం తప్పు కాదు. దొరక్కపోతే ప్రమోటర్ మీద వైజాగ్‌లో వేయండి. ఎటూ తేలకపోతే ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టొచ్చు, సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 1 రూల్ 7 ఉన్నది అందుకే.

భూమి గొడవైతే భూమి ఉన్న చోటే. 3 లక్షలు, ఆపైన వాణిజ్య వివాదమైతే కమర్షియల్ కోర్టు, అర్జెంటు ఉత్తర్వులు అడగనప్పుడు దావాకి ముందు మీడియేషన్ (రాజీ ప్రయత్నం) తప్పదు. ఆర్బిట్రేషన్ క్లాజ్ (గొడవని కోర్టు బయట మధ్యవర్తి తేల్చాలనే షరతు) ఉంటే దారే వేరు.

కొత్తగా రాయించేవాళ్లు “రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న ఊరు” అనకుండా విశాఖపట్నం అని పేరు పెట్టి రాయించండి, కంపెనీ అంగీకార పత్రం ఇచ్చేదాకా బాధ్యత ప్రమోటర్‌దే అన్న లైను దాని కిందే పెట్టండి.