ఎల్‌ఐసీ ఏఏఓ దరఖాస్తు: ఫారం తెరవకముందు సర్దుకోవాల్సినవి, తెరిచాక చూసుకోవాల్సినవి

2025లో ఎల్‌ఐసీ ఏఏఓ (అసిస్టెంట్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్) నోటిఫికేషన్ ఆగస్టు 16న వచ్చింది. దరఖాస్తుకు ఆఖరు తేదీ సెప్టెంబరు 8. ప్రిలిమ్స్ అక్టోబరు 3న, మెయిన్స్ నవంబరు 8న. లెక్కేసి చూడండి, గడువు ముగిసిన పాతిక రోజులకే మొదటి పరీక్ష, ఆ తర్వాత ముప్పై ఆరు రోజులకు రెండోది. ఆ పాతిక రోజుల్లో చదువు పక్కన పెట్టి కుల ధ్రువపత్రం కోసం తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కేవాళ్లని, ఆధార్‌లో పేరు తేడాగా ఉందని తల పట్టుకు కూర్చున్నవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో లెక్కలు, రీజనింగ్ బాగా వచ్చినవాళ్లూ ఉన్నారు. అందుకే ఫారం ఎలా నింపాలో చెప్పే ముందు, అసలు ఫారం జోలికి వెళ్లకముందు ఏం చేయాలో చెబుతాను.

ఏ పోస్టుకి?

బీమా రంగంలో సర్కారు కొలువు అనగానే అందరికీ ఎల్‌ఐసీయే గుర్తొస్తుంది. దానితోపాటు ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు నాలుగున్నాయి. ముంబైలో న్యూ ఇండియా, కోల్‌కతాలో నేషనల్, ఢిల్లీలో ఓరియంటల్, చెన్నైలో యునైటెడ్ ఇండియా. ఏఓ (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్), అసిస్టెంట్ పోస్టులకు ఇవి దేనికవే నోటిఫికేషన్ ఇస్తాయి. బ్యాంకుల మాదిరిగా అన్నిటికీ కలిపి ఒకే పరీక్ష ఉండదు. ఏటా వస్తుందన్న భరోసా కూడా లేదు. ఏఏఓ జనరలిస్టు, అంటే ప్రత్యేక కోర్సు అక్కర్లేని సాధారణ పోస్టు, 2023లో వచ్చాక మళ్లీ 2025లోనే వచ్చింది.

ఏఏఓ జనరలిస్టుకి ఏదైనా డిగ్రీ ఉంటే చాలు. ఏఓ జనరలిస్టుకి మాత్రం డిగ్రీలో 60 శాతం, ఎస్సీ ఎస్టీలకు 55 శాతం అడగడం మామూలు. 59.99 వచ్చినా దాన్ని 60 చేయరు, ఇందులో బతిమాలుకోవడాలేమీ ఉండవు. అసిస్టెంట్ పోస్టులు రాష్ట్రాలవారీగా ఉంటాయి. ఏ రాష్ట్రానికి పెడితే ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చో రాదో చివర్లో చూస్తారు. అలాగని ప్రశ్నపత్రం తెలుగులో వస్తుందనుకోకండి, ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది.

ఏఏఓకి వయసు 21 నుంచి 30 ఏళ్లు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకు అయిదేళ్లు సడలింపు. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన అగ్రవర్ణాల) వాళ్లకి రిజర్వేషన్ ఉందిగానీ వయసులో సడలింపు లేదు. ఇది తెలియక చాలామంది బోల్తా పడతారు.

ముందు పేరు సంగతి

మనకి ఇంటిపేరు ముందు రాయడం అలవాటు. పదో తరగతి మెమోలో అది పూర్తిగా ఉంటుంది, ఆధార్‌కి వచ్చేసరికి ఒక్క అక్షరం అవుతుంది, పాన్ కార్డులో వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. మెమోలో పసుపులేటి వెంకట రమణ, ఆధార్‌లో పి వి రమణ, పాన్‌లో వెంకట రమణ పసుపులేటి. ఇంట్లో అందరికీ ఒకే మనిషి. పరీక్ష హాలు గుమ్మం దగ్గర కాల్ లెటర్‌నీ గుర్తింపు కార్డునీ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లకి మాత్రం ముగ్గురు.

ఫారంలో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయాలి. అలాగే ఉన్న గుర్తింపు కార్డు ఒక్కటైనా చేతిలో ఉండాలి. లేకపోతే ఈ రోజే ఆధార్ కేంద్రానికి వెళ్లి, మెమో చూపించి మార్పించుకోండి. ఆధార్‌లో పేరు జీవితకాలంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, కాబట్టి అక్కడ ఆపరేటరు టైపు చేసింది స్క్రీన్ మీద అక్షరం అక్షరం చదివాకే సరేననండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడపిల్లలు పెళ్లి ధ్రువపత్రమో, గెజిట్ ప్రకటనో, అఫిడవిట్టో దగ్గర పెట్టుకోవాలి. రేషన్ కార్డు, లెర్నర్స్ లైసెన్సు ఈ పరీక్షల్లో గుర్తింపుగా చెల్లవు.

కులం, ఆదాయం కాగితాలు

ఇక్కడ మన రెండు రాష్ట్రాల వాళ్లకి ఒక చిక్కు ఉంది. మన బీసీ ఏ, బీ, సీ, డీ, ఈ విభజన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకి. ఎల్‌ఐసీ లాంటి కేంద్ర సంస్థలకి ఆ అక్షరాలతో పనిలేదు. వాళ్లు చూసేది కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఉందా లేదా అన్నది. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి. అలాంటివాళ్లు ఓబీసీ అని టిక్ పెడితే పరీక్షలన్నీ గట్టెక్కి, ఆఖర్న కాగితాల పరిశీలనలో ఆగిపోతారు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్లో రాష్ట్రాలవారీ జాబితా ఉంటుంది, కులం పేరు అక్కడ ఎలా ఉందో చూసుకోండి.

ఉంటే, మీసేవలో గానీ సచివాలయంలో గానీ దరఖాస్తు పెట్టేటప్పుడు కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్‌తో (ఓబీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని తెలిపేది) ఉన్న ఓబీసీ పత్రం కావాలని విడమరిచి చెప్పండి. కాలేజీ స్కాలర్‌షిప్ కోసం తీసుకున్న కుల ధ్రువపత్రం దీనికి పనికిరాదు.

నాన్ క్రీమీలేయర్ విషయంలో ఇంకో అపోహ ఉంది. మా నాన్న జీతం ఏడాదికి తొమ్మిది లక్షలు, నాకు రాదేమో అంటారు. 8 లక్షల పరిమితి లెక్కగట్టేటప్పుడు తల్లిదండ్రుల జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. ఉద్యోగస్తుల విషయంలో చూసేది వాళ్లు ఏ స్థాయి పోస్టులో ఉన్నారని. ఈడబ్ల్యూఎస్‌లో ఇది తలకిందులు. అక్కడా పరిమితి 8 లక్షలే, కానీ జీతం, సేద్యం, వ్యాపారం అన్నీ కలుపుతారు. దానిపైన కుటుంబానికి అయిదెకరాల సాగుభూమి ఉన్నా, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు ఉన్నా అర్హత పోతుంది. ఈ పత్రం ఏ ఆర్థిక సంవత్సరానికి తీసుకుంటే ఆ సంవత్సరానికే చెల్లుతుంది. మార్చిలో తీసుకున్నది ఆగస్టు నోటిఫికేషన్‌కి చూపించి లాభం లేదు.

డిగ్రీ విషయంలో ఒక్క మాట. నోటిఫికేషన్‌లో చెప్పిన తేదీ నాటికి ఫలితం వచ్చి ఉండాలి. పరీక్షలు రాసేశాను, బ్యాక్‌లాగ్ ఒక్కటే ఉంది అంటే కుదరదు.

ఫారం

ఎల్‌ఐసీ వెబ్‌సైట్లో కెరీర్స్ పేజీకి వెళ్తే దరఖాస్తు లింకు ఉంటుంది. అది ఐబీపీఎస్ (బ్యాంకు పరీక్షలు నిర్వహించే సంస్థ) వాళ్ల రిజిస్ట్రేషన్ పేజీకి తీసుకెళ్తుంది. కొత్త రిజిస్ట్రేషన్ నొక్కి పేరు, ఫోన్ నంబరు, మెయిల్ ఇస్తే తాత్కాలిక రిజిస్ట్రేషన్ నంబరు, పాస్‌వర్డు వస్తాయి. వాటిని ఫోన్లో ఫొటో తీసి వదిలేయకండి, కాగితం మీద రాసుకోండి. మెయిల్ మాత్రం మీ సొంతదే ఇవ్వండి. నేను మొదటిసారి ఇలాంటి పరీక్షకి పెట్టినప్పుడు నాకు మెయిల్ లేదని నెట్ సెంటర్ కుర్రాడు వాళ్ల షాపుది ఇచ్చేశాడు. కాల్ లెటర్ వచ్చిన కబురు ఆ మెయిల్‌కి వెళ్లింది. రోజుకి రెండు వందల మెయిల్స్ వచ్చే పెట్టెలో నాది ఎవరు చూస్తారు? పరీక్ష అయిపోయిన తర్వాతి వారం తెలిసింది.

ఫొటో, సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర, చేతిరాత ప్రకటన అని నాలుగు స్కాన్లు అడుగుతారు. ఫొటో, వేలిముద్ర 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20, ప్రకటన 50 నుంచి 100 కేబీ మధ్య ఉండాలన్నది మామూలుగా కనిపించే లెక్క. ఆ ఏడాది నోటిఫికేషన్‌లో ఎంత ఉందో ఒకసారి సరిచూసుకోండి. సంతకం తెల్లకాగితం మీద నల్ల ఇంకుతో చేయాలి, విడివిడి పెద్దక్షరాల్లో చేస్తే ఒప్పుకోరు. ప్రకటన ఇంగ్లీషులో, మీ చేత్తోనే, నోటిఫికేషన్‌లో ఇచ్చిన వాక్యాలనే దించాలి. నేనిచ్చిన వివరాలన్నీ నిజం, అడిగినప్పుడు పత్రాలు చూపిస్తాను అన్నది దాని సారాంశం. ఇందులోనూ పెద్దక్షరాలు వద్దు. చెల్లెలి రాత బాగుంటుందని ఆమెతో రాయించకండి.

వేలిముద్ర దగ్గరే ఎక్కువమంది విసుక్కుంటారు. స్టాంపు ప్యాడ్ మీద వేలు గట్టిగా అదిమి కాగితం మీద గుద్దితే నల్లటి మచ్చ తప్ప గీతలు కనపడవు. వేలిని ప్యాడ్‌కి తేలిగ్గా తాకించి, ముందు పాత పేపరు మీద ఒకసారి ఒత్తి ఎక్కువైన ఇంకు వదిలించండి. తర్వాత తెల్లకాగితం మీద వరసగా నాలుగైదు ముద్రలు వేయండి. మూడోదో నాలుగోదో సుడులతో స్పష్టంగా వస్తుంది, దాన్ని స్కాన్ చేయండి. మగవాళ్లకైనా ఆడవాళ్లకైనా ఎడమ చేతిదే.

పరీక్ష కేంద్రం ఎంచుకునేటప్పుడు మీరు ఉంటున్న ఊరు కాక, ఆ నెలలో ఉండబోయే ఊరు చూసుకోండి. తర్వాత మార్చరు. అన్నీ నింపాక ఒకసారి మొత్తం చూపిస్తుంది. అక్కడ పది నిమిషాలు కూర్చుని, పక్కన మెమో పెట్టుకుని, పుట్టిన తేదీ నుంచి తండ్రి పేరు స్పెల్లింగ్ దాకా చదవండి. ఫైనల్ సబ్మిట్ కొట్టాక ఏదీ మారదు.

ఫీజు 2025లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 85 రూపాయలు, మిగతావాళ్లకు 700, దానిమీద లావాదేవీ ఛార్జీలు, జీఎస్టీ. డబ్బు కట్ అయి ఈ-రసీదు రాకపోతే చెల్లింపు జరగలేదనే అర్థం. మళ్లీ లాగిన్ అయి చూసి, అవసరమైతే మళ్లీ కట్టాలి. ఆఖరు రోజు రాత్రి సర్వరు నత్తనడక నడుస్తున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి.

ఇక చదువు

ప్రిలిమ్స్‌లో వంద ప్రశ్నలు, గంట సమయం. రీజనింగ్ 35, లెక్కలు 35, ఇంగ్లీషు 30, ఒక్కోదానికి విడిగా 20 నిమిషాలు. ఇంగ్లీషులో గట్టెక్కితే చాలు, ఆ మార్కులు ర్యాంకులో కలవవు. ఇంగ్లీషు అంటే బెరుకున్న మనవాళ్లకి ఇది పెద్ద ఊరట. ఏఓ పరీక్షలో ఆ ఊరట ఉండదు, అక్కడ మెయిన్స్‌లో ఇంగ్లీషు కూడా లెక్కలోకి వస్తుంది.

ఏఏఓ మెయిన్స్ 300 మార్కులకి. రీజనింగ్, డేటా అనాలిసిస్ చెరి 90. జనరల్ నాలెడ్జి, కరెంట్ అఫైర్స్ 60, బీమా ఆర్థిక మార్కెట్ల అవగాహన 60. ఈ చివరి రెండిటికీ ఒక్కోదానికి ముప్పై ప్రశ్నలకి ఇరవై నిమిషాలు. ప్రశ్నకి నలభై సెకన్లు. తెలిస్తే పెడతాం, తెలియకపోతే ఆలోచించి లాభం లేదు. కోచింగుల్లో ఏళ్ల తరబడి రీజనింగ్ రుద్దినవాళ్లందరూ అక్కడ దాదాపు ఒకే మార్కు దగ్గర ఉంటారు, తేడా ఈ బీమా పేపర్లో వస్తుందని నా అభిప్రాయం.

దానికి గైడు కొనే ముందు ఇంట్లో బీరువాలో ఉన్న పాలసీ బాండు ఒకటి బయటికి తీయండి. నామినీ గడి చూడండి, అది బీమా చట్టం 1938లో సెక్షన్ 39. ఆ పాలసీని బ్యాంకులో పెట్టి అప్పు తీసుకుంటే రాయించుకునే అసైన్‌మెంటు సెక్షన్ 38. మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదన్నది సెక్షన్ 45. ప్రీమియం కట్టడానికి గడువు దాటాక ఇచ్చే గ్రేస్ పీరియడ్ నెలవారీ కట్టేవాళ్లకి 15 రోజులు, మిగతావాళ్లకి 30 రోజులు. నచ్చకపోతే వెనక్కిచ్చే ఫ్రీ లుక్ గడువు ఇప్పుడు 30 రోజులు. ఒక్క బాండు ముందేసుకుంటే అయిదారు ప్రశ్నలు కదలకుండా గుర్తుండిపోతాయి.

తర్వాత బ్యాంకు పాస్‌బుక్ తీయండి. 436 రూపాయలు కట్ అయితే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, 20 రూపాయలైతే సురక్షా బీమా. రెండిట్లోనూ 2 లక్షలు. మొదటిది 18 నుంచి 50 ఏళ్లవాళ్లు చేరేది, ఏ కారణంతో చనిపోయినా ఇస్తారు. రెండోది 18 నుంచి 70 ఏళ్లవాళ్లకి, ప్రమాదానికి మాత్రమే. చరిత్రలో 1956 సెప్టెంబరు 1న ఎల్‌ఐసీ ఏర్పాటు, 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా జాతీయకరణ, 1999 ఐఆర్‌డీఏ (బీమా రంగాన్ని నియంత్రించే సంస్థ, ఇప్పుడు ఐఆర్‌డీఏఐ) చట్టం, 2022 మే 17న ఎల్‌ఐసీ షేర్ల లిస్టింగ్. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఎక్కడ అంటే మనవాళ్లే ముంబై అని పెట్టి వస్తారు, అది ఉన్నది హైదరాబాదులో. కొత్త సంగతుల్లో 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ ఎత్తేశారు, అది వదలకండి.

మెయిన్స్ రోజే ఉత్తరం, వ్యాసం ఇంగ్లీషులో టైపు చేసే పేపరు అరగంట ఉంటుంది, 25 మార్కులకి. అదీ గట్టెక్కితే చాలన్న రకమే. కానీ కీబోర్డు మీద వేళ్లు ఆడకపోతే అరగంట చాలదు, రోజూ ఓ పేరా కొట్టండి. ఇంటర్వ్యూ 60 మార్కులు, అవి మెయిన్స్ మార్కులకి కలుస్తాయి.

దరఖాస్తులో పెట్టిన ఫొటోకి ఎనిమిది కాపీలు తీయించి, దరఖాస్తు ప్రింటు, ఈ-రసీదులతో కలిపి ఒకే కవర్లో పెట్టుకోండి. మెయిన్స్‌కీ ఇంటర్వ్యూకీ అదే ఫొటో అడుగుతారు, కొత్త గడ్డంతో కొత్త ఫొటో పట్టుకెళ్తే గుమ్మం దగ్గరే సంజాయిషీ చెప్పుకోవాలి.